ఫోటో కింద ఎవరి పేరు?

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు యువతీయువకుల సమావేశంలో చేసిన ప్రసంగం)



నిర్వాహకులు నన్ను 'సెల్‌ఫోన్: లాభనష్టాలు' మీద మాట్లాడమన్నారు. హాస్టల్ వార్డెన్ మైకు పట్టుకుందంటే 'ఫోన్లు పక్కన పెట్టండి' అంటుందని మీరంతా అనుకుని ఉంటారు. ఆ లాభనష్టాల వ్యాసం మీలో కొందరు నా దగ్గరే తొమ్మిదో తరగతిలో రాశారు. మళ్లీ రాయించను. ఈ రోజు ఫోన్‌తో మీరు చేస్తున్న ఒక మంచి పని గురించి మాట్లాడతాను. మీరు ఫోటోలు తీస్తున్నారు. మన దండారి, మన జాతర, మన అవ్వల చేతి కడియాలు, మన పొలాలు, మన వాగులు అన్నీ తీస్తున్నారు. మా చిన్నప్పుడు మన ఊరికి కెమెరా వచ్చిందంటే అది బయటి మనిషి మెడలోనే వచ్చేది. ఇప్పుడు మన పిల్లల చేతుల్లో ఉంది. ఇది చిన్న మార్పు కాదు.

ఒక్క ప్రశ్న. పొద్దున్నుంచి ఈ ఆవరణలో వందల ఫోటోలు తీశారు. చాలావరకు అప్పుడే స్టేటస్‌లోకి, గ్రూపుల్లోకి పోయాయి. వాటిలో ఎన్నింటి కింద తీసినవాళ్ల పేరు రాశారు? ఎన్నింటి కింద ఫోటోలో ఉన్నవాళ్ల పేరు రాశారు? చేతులెత్తండి. సరే, నాలుగు చేతులు కనిపిస్తున్నాయి. మిగతావాళ్లు సిగ్గుపడనక్కర్లేదు. నేనూ మీలాగే ఉండేదాన్ని. దానివల్ల ఏం పోయిందో చెప్పడానికే వచ్చాను.

కొన్నేళ్ల కింద మా హాస్టల్‌లో పదో తరగతి చదివే ఒక అమ్మాయి ఉండేది. ఈ కథ చెప్పవచ్చా అని మొన్న ఫోన్ చేసి అడిగాను. "కథ చెప్పండి మేడం, నా పేరు మాత్రం వద్దు" అన్నది. కాబట్టి పేరు చెప్పను. ఆ అమ్మాయి దీపావళి సెలవులకు ఇంటికి పోయింది. వాళ్ల తాత ఎన్నో ఏళ్లుగా గుస్సాడీ కట్టే మనిషి. దండారికి బయలుదేరే ముందు ఆయన మంచం మీద కూర్చుని నెమలి ఈకల టోపీ సరిచేసుకుంటున్నాడు. పక్కన నాలుగేళ్ల మనవడు ఒక ఈకను వేలి కొసతో ముట్టుకుని చూస్తున్నాడు. ఈ పిల్ల వాళ్ల అన్న ఫోన్ తీసుకుని "తాతా, తీయనా?" అని అడిగింది. "పూజ అయ్యేదాకా ఆగు బిడ్డా" అన్నాడాయన. ఆగింది. తర్వాత తీసింది.

సెలవులు అయ్యాక ఆ ఫోటో నాకు పంపింది. ఎంత బాగుందో మాటల్లో చెప్పలేను. నేను సంతోషం పట్టలేక మా స్టాఫ్ గ్రూపులో పెట్టాను. పైన 'మన సంస్కృతి, మన గర్వం' అని రాశాను. పిల్ల పేరు రాయలేదు. తాత పేరు రాయలేదు. ఊరి పేరు కూడా రాయలేదు. "మేడం, చాలా బాగా తీశారు" అని ఇద్దరు మెచ్చుకున్నారు. 'నేను కాదు, మా పిల్ల తీసింది' అని రాద్దామనుకున్నాను. అప్పుడే సాయంత్రం హాజరు గంట కొట్టారు. లేచి వెళ్లాను. రాయనే లేదు.

మరుసటి జనవరిలో ఆ ఫోటో ఒక సంస్థ వేసిన గోడ క్యాలెండర్ మీదికి వచ్చింది. కింద 'కొమ్ము నృత్య కళాకారుడు' అని అచ్చయింది. మూలన వేరే ఎవరిదో ఫోటో స్టూడియో పేరు. కొమ్ము నృత్యం భద్రాచలం వైపు కోయ అన్నదమ్ములది. వాళ్లు తలకు కొమ్ములు కడతారు, మనం నెమలి ఈకలు పెడతాం. ఆ ఒక్క మాటతో మనకూ వాళ్లకూ ఇద్దరికీ అన్యాయం జరిగింది. అప్పటికే ఆ తాత చనిపోయి ఉన్నాడు. జ్వరంతో పోయాడు.

ఆ క్యాలెండర్‌ను మండల కేంద్రంలో కిరాణా దుకాణంవాళ్లు ఇస్తే, ఆ పిల్ల నాన్న ఇంటికి తెచ్చాడు. అవ్వకు చదువు రాదు. బొమ్మను చూసి గుర్తుపట్టింది. చాలాసేపు చేతితో తడిమి, కింద ఉన్న అక్షరాల మీద వేలు పెట్టి అడిగిందట: "ఇక్కడ మీ తాత పేరు ఉందా?"

సంక్రాంతి సెలవులయ్యాక ఆ అమ్మాయి క్యాలెండర్‌ను చుట్టగా చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "మేడం, ఇది ఎట్లా పోయింది?" అన్నది. ఎట్లా పోయిందో నాకు తెలుసు. నా వేలి నుంచే పోయింది. అదే మాట ఆమెకు చెప్పాను. పిల్ల కోప్పడలేదు. కాసేపు కిటికీలోంచి చూసి, "నా పేరు లేకపోతే లేదు మేడం, తాత పేరైనా ఉంటే బాగుండు" అన్నది.

ఆ క్యాలెండర్ వేసినవాళ్లను తిట్టడం సులువు. కానీ ఆ ఫోటో నుంచి మొదట పేరు తీసేసింది నేను. పేరు లేకుండా బయటికి పంపిన ఫోటో, మెడలో గంట కట్టకుండా అడవికి తోలిన దూడ లాంటిది. ఎవరి మందలో కలిసినా ఇది మాది అని ఎట్లా చెబుతాం?

ఇది ఇప్పటి సంగతే కాదు. మర్లవాయి ఊరు మీకు తెలుసు. 1940ల్లో హైమండార్ఫ్ దొర అక్కడ ఉండి మన వాళ్ల జీవితాన్ని చూశాడు, రాశాడు, ఎన్నో ఫోటోలు తీశాడు. ఆయన ఫోటోలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయ సంస్థ దగ్గర భద్రంగా ఉన్నాయి. అవి లేకపోతే మన ముత్తాతల కాలం ఎట్లా ఉండేదో మనకు కళ్లారా తెలిసేది కాదు, దానికి మనం రుణపడి ఉన్నాం. అయితే అలాంటి పాత ఫోటోల్లో తీసిన దొర పేరు ఉంటుంది, తెగ పేరు ఉంటుంది, ఫోటోలోని మనిషి పేరు చాలాసార్లు ఉండదు. 'గోండు స్త్రీ' అని ఉంటే, ఆమె ఎవరి అవ్వో ఎవరు చెప్పాలి? చెప్పగలిగిన ముసలివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. అదే మర్లవాయి నుంచి గుస్సాడీ గురువు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. దేశం మొత్తం ఒక గుస్సాడీ కళాకారుణ్ణి పేరుతో పిలిచింది. ముఖం ఒక్కటే తెలియడానికీ, పేరుతో సహా తెలియడానికీ ఎంత తేడా ఉందో ఆ ఒక్క ఊరే చెబుతుంది.

ఇప్పుడు పనికి వద్దాం. నేను లాయర్‌ను కాను, బీఈడీ చదివిన టీచర్‌ను. ఆ క్యాలెండర్ దెబ్బ తగిలాక చదివి, తెలిసినవాళ్లను అడిగి నేర్చుకున్నవి చెబుతాను.

మొదట చట్టం సంగతి. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ఉంది. ఫోటో కూడా దాని కింద ఒక కళాకృతే. మీరు బటన్ నొక్కిన క్షణం నుంచే హక్కు పుడుతుంది. రిజిస్టర్ చేయించనక్కర్లేదు, ఫీజు కట్టనక్కర్లేదు. పదో తరగతి పిల్ల తీసినా అంతే, పెద్ద కెమెరా ఉన్నాయన తీసినా అంతే. ఫోన్ ఎవరిదన్నది లెక్కలోకి రాదు, తీసింది ఎవరన్నదే లెక్క. మా అమ్మాయి విషయంలో ఫోన్ అన్నది, హక్కు చెల్లెలిది. డబ్బులిచ్చి తీయించుకున్న పెళ్లి ఫోటోలకు, ఉద్యోగంలో భాగంగా తీసిన ఫోటోలకు నియమాలు వేరు. అవి ఒప్పుకునే ముందే హక్కు ఎవరికో మాట్లాడుకోండి. ఈ హక్కు తీసిన మనిషి జీవితకాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. 2012లో చట్టం సవరించాక ఫోటోలకూ ఈ గడువు వచ్చింది. అంటే మీరు ఈ రోజు తీసిన ఫోటో మీద రేపు మీ మనవలకు కూడా హక్కు ఉంటుంది.

అదే చట్టంలో 57వ సెక్షన్ ఉంది. ఈ ఫోటో నేను తీశాను అని చెప్పుకునే హక్కు, దాన్ని నా గౌరవం పోయేలా మార్చొద్దని అడ్డుకునే హక్కు అందులో ఉన్నాయి. ఫోటో హక్కులు వేరేవాళ్లకు అమ్మేసినా ఈ హక్కు మీ దగ్గరే ఉంటుంది. ఇంకో సెక్షన్, 65బి. ఫోటో మీది పేరు వంటి హక్కుదారు వివరాలను కావాలని, అనుమతి లేకుండా తీసేస్తే అది నేరం, రెండేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. ఇవన్నీ వినగానే రేపే కేసులు పెట్టమని కాదు. 'గూగుల్‌లో దొరికింది కాబట్టి అందరిదీ' అని ఎవరైనా అంటే, తలవంచుకుని వెనక్కి రావద్దని చెబుతున్నాను.

చట్టం మీ వైపు ఉన్నా, మీ దగ్గర రుజువు ఉండాలి. మేం అక్కడే దెబ్బతిన్నాం. వాళ్ల అన్న ఫోన్ నిండిపోయిందని గ్యాలరీ మొత్తం తుడిచేశాడు. అసలు ఫైలు పోయింది. మా దగ్గర మిగిలింది వాట్సాప్‌లో నలిగి చిన్నదైపోయిన కాపీ. అదృష్టం కొద్దీ అదే పూట వరుసగా తీసిన ఇంకో మూడు ఫోటోలు వాళ్ల మేనత్త కొడుకు ఫోన్‌లో దొరికాయి. అవి చూపించి ఉత్తరం రాస్తే, ఆ సంస్థవాళ్లు తప్పు ఒప్పుకున్నారు, వాళ్ల ఆన్‌లైన్ పేజీలో పేర్లు సరిచేశారు. గోడల మీది క్యాలెండర్లు మాత్రం పన్నెండు నెలలూ అట్లాగే వేలాడాయి.

అందుకే అసలు ఫైలు కాపాడుకోవడం మొదటి పని. అందులో ఏ రోజు, ఏ సమయానికి, ఏ ఫోన్‌తో తీశారో అన్నీ దాగి ఉంటాయి. అది మీ పట్టాదారు పాసుపుస్తకం అనుకోండి. దాన్ని ఎవరికీ పంపకండి. గూగుల్ డ్రైవ్‌లో ఒకటి, మెమరీ కార్డులోనో పెన్‌డ్రైవ్‌లోనో ఒకటి, రెండు చోట్ల దాచండి. మంచి ఫోటో ఒక్కటే ఉంచి, పక్కవి పనికిరావని తుడిచేయకండి. మమ్మల్ని కాపాడినవి ఆ పనికిరాని మూడే.

రెండోది, బయటికి చిన్న సైజే పంపండి. ఫోన్‌లో చూడడానికి పొడుగు వైపు వెయ్యి, పన్నెండు వందల పిక్సెళ్లు చాలు. అంత చిన్నదాన్ని తీసుకుని పెద్ద ఫ్లెక్సీ కొడితే మసకగా వస్తుంది. నిజంగా అచ్చుకు కావాల్సినవాళ్లు పెద్ద ఫైలు కోసం మీ దగ్గరికి వస్తారు. అప్పుడు దేనికి, ఎన్ని ప్రతులు, పేరు ఎక్కడ వేస్తారు, డబ్బు ఎంత అని అడిగి రాతలో తీసుకోండి. వాట్సాప్ మెసేజ్ అయినా రాతే. ఫోన్‌లో మాట్లాడి వదిలేయకండి.

మూడోది, పేరు ఫోటో మీదే ఉండాలి. మెసేజ్‌లో పైన రాసిన మాట ఫార్వర్డ్‌లో రాలిపోతుంది. మరీ అంచున వేస్తే కత్తిరించడం తేలిక. ముఖం మీద అడ్డంగా వేస్తే ఫోటో చెడుతుంది. కాస్త లోపలికి, బట్టల మీదో నేల మీదో చిన్న అక్షరాలతో వేయండి. ఇది తాళం కాదు, తీసేయాలనుకున్నవాడు తీసేస్తాడు. కానీ మంచివాళ్లకు మిమ్మల్ని వెతుక్కునే దారి ఉంటుంది, చెడ్డవాడికి 'నాకు తెలియదు' అనే వీలు ఉండదు.

నాలుగోది, లొకేషన్. ఫోన్ కెమెరా సెట్టింగ్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే, మీరు ఎక్కడ నిలబడి తీశారో ఆ గుర్తు ఫోటో లోపల చేరుతుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ గుర్తు పోతుంది. క్వాలిటీ తగ్గొద్దని డాక్యుమెంట్‌గా పంపితే గుర్తుతో సహా పోతుంది. మన పెన్‌ల గుడి అడవిలో ఎక్కడుందో, ఆడపిల్లల హాస్టల్ ఎక్కడుందో లోకానికి ఎందుకు? అలాంటి చోట్ల లొకేషన్ ఆపి తీయండి.

ఇక చట్టం పుస్తకంలో లేని మాట ఒకటి. కాపీరైట్ తీసినవాళ్లకు హక్కు ఇస్తుంది. ఫోటోలో ఉన్నవాళ్ల సంగతి ఎక్కువ పట్టించుకోదు. అది మనం పట్టించుకోవాలి. బయటివాళ్లు అడగకుండా తీశారని మనం ఇన్నేళ్లు బాధపడ్డాం. మనమూ అడగకుండా తీస్తే తేడా ఏముంది? పూజ నడిచేటప్పుడు కటోడనో పటేల్‌నో అడగండి. వద్దంటే ఫోన్ జేబులో పెట్టండి. కెస్లాపూర్ జాతరలో నాగోబా ముందుకు భేటింగ్ కోసం వచ్చిన కొత్త కోడళ్లు రీల్ కోసం రాలేదు. స్నానం చేస్తున్నవాళ్లు, పాలిస్తున్న తల్లులు, చావు ఇల్లు, ఇవి ఎంత 'సహజం'గా ఉన్నా తీయకండి. చిన్నపిల్లల ఫోటో అయితే తల్లిదండ్రులను అడగండి. పిల్లల పేరు, బడి పేరు, ముఖం మూడూ కలిపి ఒకే చోట పెట్టకండి. పేరు రాయమని ఇంతసేపు చెప్పి, ఇక్కడ వద్దంటున్నానేమని అనకండి. పేరు రాయాలా వద్దా అన్నది ఆ పేరుగల మనిషి ఇష్టం. మా అమ్మాయి కథ మాత్రమే చెప్పమంది, నేను అంతే చెప్పాను.

ఎవరైనా మీ ఫోటో వాడుకున్నారని తెలిస్తే ఏం చేయాలి? మొదట స్క్రీన్‌షాట్ తీయండి. తేదీ, లింకు కనిపించాలి. ముందే గొడవ పడితే వాళ్లు తీసేస్తారు, రుజువు పోతుంది. ఇంకెక్కడెక్కడ ఉందో గూగుల్ లెన్స్‌లో వెతకండి. తర్వాత మర్యాదగా రాయండి: 'ఇది ఫలానా రోజు నేను తీసిన ఫోటో, అసలు ఫైలు నా దగ్గర ఉంది, పేర్లు ఇవి, వేయండి, లేదా తీసేయండి.' చాలామంది అక్కడే సరిచేస్తారు. వినకపోతే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్‌లలో కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంటుంది, అది నింపండి. ఒక జాగ్రత్త. ఆ ఫిర్యాదులో ఇచ్చే పేరు, ఈమెయిల్ అవతలివాళ్లకు తెలిసే అవకాశం ఉంది. ఆడపిల్లలు సొంత మెయిల్ బదులు, రాతపూర్వకంగా అనుమతి ఇచ్చి సంఘం తరఫున పెట్టించడం మేలు.

చెల్లెళ్లకు విడిగా ఒక మాట. మీ ఫోటోను ఎవరైనా మార్ఫింగ్ చేసి బెదిరిస్తే అది క్రెడిట్ గొడవ కాదు, నేరం. డబ్బు ఇవ్వకండి, చాట్ తుడిచేయకండి, ఒంటరిగా భరించకండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో స్త్రీల, పిల్లల మీద జరిగిన నేరాలకు పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. పిల్లలైతే 1098కి ఫోన్ చేయండి. ఇంట్లో తిడతారని భయమైతే మీ టీచర్ దగ్గరికో, మీ వార్డెన్ దగ్గరికో రండి. తప్పు మీది కాదని మొదటి మాటగా చెబుతాం.

అడిగే హక్కు ఉన్నవాళ్లం ఇచ్చే అలవాటూ చేసుకోవాలి. మన సంఘాల పోస్టర్లలోనే ఎన్ని ఫోటోలు ఎవరివో తెలియకుండా వాడుతున్నాం! 'కర్టసీ: గూగుల్' అని రాస్తాం. గూగుల్ ఎప్పుడూ దండారికి రాలేదు, ఫోటో తీయలేదు. తీసిన మనిషిని వెతకండి, అడగండి, పేరు వేయండి. దొరకకపోతే ఆ ఫోటో వదిలేసి మీ ఊళ్లో మీరే ఒకటి తీయండి. ఇప్పుడు కృత్రిమ మేధతో చేసిన ఆదివాసీ బొమ్మలు తిరుగుతున్నాయి. ఏ తెగకూ చెందని నగలు, ఎక్కడా లేని ముఖాలు. మన పోస్టర్ మీద మనిషే కాని మనిషి ఎందుకు?

అందరికీ ఉచితంగా ఇవ్వాలని ఉంటే దానికీ దారి ఉంది. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో వికీమీడియా కామన్స్‌లో పెట్టవచ్చు. తెలుగు వికీపీడియా వ్యాసాలకు అవి పనికొస్తాయి. మీ పేరు చెప్పి వాడుకోవాలన్నదే షరతుగా పెట్టవచ్చు. కానీ అక్కడ పెట్టాక వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు, ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోలేరు. వాగు, కొండ, పంట, ఇల్లు ఫోటోలు ఇవ్వండి. పెన్‌ల ఫోటోలు, పిల్లల ఫోటోలు అక్కడికి పంపకండి.

ఇప్పుడు మా హాస్టల్ నోటీసు బోర్డు మీద ఒక నియమం ఉంది. పేర్లు రాయని ఫోటో అతికించకూడదు. నాలుగు వరుసలే. తీసినది ఎవరు. ఉన్నది ఎవరు. ఏ ఊరు. ఏ సందర్భం, ఏ ఏడు. మొదట ఆ నియమం తప్పింది నేనే, ఆరో తరగతి పిల్ల పట్టుకుంది. "మేడం, మీ ఫోటోకు పేరు లేదు" అన్నది. పీకి మళ్లీ రాసి పెట్టాను.

ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. క్యాలెండర్ మీది ఆ తాత ఫోటోను మేం పెద్దది చేయించలేకపోయాం, అసలు ఫైలు లేదు కదా. పక్కవి మూడింటిలో ఒకదాన్ని ఫ్రేమ్ కట్టించి, కింద ఆయన పేరు, ఊరి పేరు గోండీలో, తెలుగులో రాయించి ఇచ్చాం. అందులో ఆయన సగం పక్కకు తిరిగి ఉన్నాడు, మనవడి ముఖం కదిలిపోయింది. గొప్ప ఫోటో ఏం కాదు. అవ్వ దాన్ని దూలానికి తగిలించుకుంది. ఇంటికి వచ్చినవాళ్లతో అక్షరాల మీద వేలు పెట్టి, చదివి చెప్పమంటుందట.

ఈ రాత్రి ఇంటికి వెళ్లాక మీ ఫోన్‌లో ఒక్క ఫోటో తీయండి. మీ ఇంటి ముసలివాళ్లది. ఉన్నదే అయినా సరే. వాళ్ల పక్కన కూర్చుని ఆ నాలుగు వరుసలు అడిగి రాయండి. పాత ఫోటోలు ఉంటే వాటిలో ఎవరెవరు ఉన్నారో వెనక పెన్సిల్‌తో రాయండి. వాళ్లు ఉన్నప్పుడే అడగండి. నా దగ్గర ఆ రోజు ఒక్క నిమిషం ఉండింది, నేను రాయలేదు. మీరు రాయండి.

సెలవు. అందరికీ రాం రాం. జై సేవా.